మూడోసారి పిలిచేలోపు

నేను ఆ పాల షెడ్డులోకి అడుగుపెట్టింది పెరుగు కోసం, కవిత్వం కోసం కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎవరితో అన్నా "పండితుడి కూతురివి కదా, వెతుక్కుంటూ వెళ్ళి ఉంటావు" అంటారు. వెతుక్కోవడమా, నా మొహమా. మా నాన్న హైస్కూల్లో తెలుగు పండితులు. అన్నం ముందు కూర్చోబెట్టి గణాలు చెప్పించేవారు, ప్రాస తప్పితే చెవి మెలిపెట్టేవారు. పెళ్ళయి విమానం ఎక్కిన రోజున, హమ్మయ్య, ఈ ఛందస్సు పీడ విరగడైంది అనుకున్నదాన్ని.

డెబ్బైల చివర సంగతి ఇది. మా ఆయనకి ఒక చిన్న కౌంటీ హాస్పిటల్లో డాక్టరుగా ఉద్యోగం. న్యూయార్క్ రాష్ట్రమే, కానీ న్యూయార్క్ అనగానే మీకు గుర్తొచ్చేవేవీ అక్కడ ఉండవు. గుట్టలు, మంచు, ఆవులు. కందిపప్పు కావాలంటే న్యూయార్క్ సిటీలో క్వీన్స్ దాకా పొద్దస్తమానం డ్రైవ్ చేయాలి. తెలుగు మాట వినపడేది మా ఇంట్లోనే, అదీ మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి మెలకువగా ఉన్నప్పుడు. స్టోర్‌లో కొన్న పాలు ఎలా తోడేసినా పెరుగు తీగలు సాగేది. నా గోల పడలేక మా ఆయన హాస్పిటల్లో అడిగితే, ఒక నర్సు చెప్పిందట: మీ రోడ్డు చివర కొండ మీద ఒక ముసలాయన ఉన్నాడు, షెడ్డుకి వెళ్తే పాలు పోస్తాడు, కాకపోతే కాస్త విచిత్రం మనిషి, ఆవులతో మాట్లాడతాడు అని. అందులో విచిత్రమేముంది? ఆ రోజుల్లో నేను ప్రెషర్ కుక్కర్‌తో మాట్లాడేదాన్ని.

కొత్తగా వచ్చిన డ్రైవింగు. చేతిలో స్టీలు క్యాను, చీర మీద మా ఆయన కోటు. షెడ్డు తలుపు తోసేసరికి వెచ్చటి పేడ వాసన, పాలు పితికే మెషీన్ల టిక్కు టిక్కు. ఆ టిక్కు టిక్కుకి తగ్గట్టు ఎవరో ఏదో చదువుతున్నారు. పొడుగ్గా, ఎండుపుల్లలా ఉన్న ముసలాయన, తలకి టోపీ, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, ఒక చెయ్యి ఆవు వీపు మీద. ఆ చేత్తో తాళం వేస్తున్నాడు.

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇంగ్లీషు కాదని మాత్రం తెలుస్తోంది. కానీ అదే పాదం మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. అలా వినగా వినగా నా వెన్ను నిటారుగా అయిపోయింది. ముందు సగంలో ఏ హల్లులు ఏ వరసలో వచ్చాయో, వెనక సగంలో అవే హల్లులు అదే వరసలో తిరిగొస్తున్నాయి. అచ్చులు మారుతున్నాయి, హల్లులు మారటం లేదు. ఒక్క చోట మాత్రం జారిపోతోంది. అక్కడికి రాగానే ఆయన కూడా ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటికి వస్తున్నాడు.

నా నోరు ఊరుకుంటుందా? నమస్కారం లేదు, పాలు లేవు. "అక్కడే తప్పుతోంది" అన్నాను.

ఆయన గిరుక్కున తిరిగాడు. నన్ను చూశాడు, చీర చూశాడు, క్యాను చూశాడు. "నీకు మా భాష వచ్చా?" అన్నాడు.

"రాదు."

"మరి తప్పని ఎలా తెలుసు?"

"చెవులున్నాయిగా."

ఆయన టోపీ వెనక్కి తోసుకున్నాడు. అప్పుడైనా ఊరుకున్నానా, తెలివి ఒలకబోస్తూ "పాతకాలం ఇంగ్లీషు కవిత్వమా?" అన్నాను. అంతే, మొహం కందగడ్డ అయింది. పాలు పోయబోతున్నవాడల్లా బకెట్టు కింద పెట్టేశాడు. ఇంగ్లీషు కాదట. వేల్స్ అట. ఇంగ్లండుని ఆనుకునే ఉంటుంది గానీ ఇంగ్లండు కాదు, వాళ్ళ భాష వేరు, పద్యం వేరు, ఆ తేడా చెప్పి చెప్పి ఈ దేశంలో తన నోరు పడిపోయిందట. నాకు కోపం రాలేదు సరికదా, సంతోషం ముంచుకొచ్చింది. మనల్ని అందరినీ కట్టగట్టి మద్రాసీలనేస్తే ఒళ్ళు మండదూ? సరిగ్గా అదే మంట ఆ మొహంలో. ఆ మాటే చెప్పాను. మద్రాసీ అంటే ఏమిటో, ఎందుకు మండుతుందో ఓపిగ్గా విన్నాడు. ఆ రోజు నా క్యాను మూత పట్టనంతగా పాలు పోశాడు.

అలా మొదలైంది. పాలకి వెళ్ళేదాన్ని, పాలు ఒక మూలకి పోయేవి. ఆయన కుర్రతనంలో తన బాబాయి పొలానికి పనిచేయడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయినవాడు. భార్యదీ అదే భాష. మేం ఆ ఊరు రావడానికి కాస్త ముందు ఆవిడ పోయింది. అప్పట్నుంచి ఇంట్లో ఆ భాషలో పలికే మనిషి లేదు. తెల్లారకముందే పాలు, మళ్ళీ సాయంత్రం పాలు, వేసవిలో గడ్డి కోతలు, వీటి మధ్యన పద్యం. కాగితం మీద ఎప్పుడో చివర్న పెట్టేవాడు. అంతవరకూ అంతా నోట్లోనే నలిగేది.

"మా కొండల్లో కవి అంటే పనిలేనివాడు కాదు, పనిచేస్తున్నప్పుడు కూడా నోరు ఖాళీగా ఉంచనివాడు" అన్నాడు ఒకసారి. గొర్రెలు కాసేవాడూ రాళ్ళు కొట్టేవాడూ కూడా అక్కడ ఈ కొలతల్లో పద్యం కడతారట.

నేను మాత్రం తక్కువ తిన్నానా? మీకే ఉన్నాయా నియమాలు, మాకు లేవా అని యతి, ప్రాస ఎత్తాను. మా నాన్న వింటే ఆనందంతో ఏడ్చేవారు, నేను అంత శ్రద్ధగా ఎప్పుడూ అప్పజెప్పలేదు. ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు అయి ఉండాలి, మొదటి పాదంలో 'ల' వస్తే ఆఖరిదాకా 'ల'నే అన్నాను. ఆయన నమ్మలేదు. చేసి చూపించమన్నాడు. నాకు పట్టుదల వచ్చింది. ఆయన్నే చూస్తూ, బకెట్టు మీద కొడుతూ అక్కడికక్కడే కట్టేశాను:

పాలు పితుకు పెద్దాయన
నేల చూసి గొణుగుతాడు
చాలు చాలు అంటె ఆవు
తోలు నిమిరి మళ్ళి మొదలు

యతీ గితీ చూసుకోలేదు, ప్రాస మాత్రం బిగించాను. పా-లు, నే-ల, చా-లు, తో-లు. అర్థం చెప్పకముందే ఆయన వేలు ఎత్తి "అదిగో, అదిగో, మళ్ళీ అదిగో" అని ఆ 'ల' దగ్గరల్లా పట్టుకున్నాడు. అర్థం చెప్పాక నవ్విన నవ్వుకి పక్కనున్న ఆవు బెదిరి కాలు విసిరింది.

"చివరిదాకా ఒకే అక్షరమా? మరి ఊపిరెలా తీస్తారు?" అన్నాడు.

"మా నాన్నని అడగాలి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. చారు పోసుకుంటూ విని, "పాలు ఏవీ?" అన్నారు. క్యాను షెడ్డులోనే మర్చిపోయాను.

ఐస్టెద్‌వొద్ అనే మాట నేను విన్నది ఆ తర్వాత చలికాలంలో. పాటలకీ పద్యాలకీ వాళ్ళు పెట్టుకునే పోటీ సభ అది. పాత దేశంలో పెద్ద జాతరట. ఇక్కడ, కొండ దిగువన చెక్క చర్చిలో ఏడాదికోసారి జరిగేది. పద్యాల్లో నెగ్గినవాడికి ఇచ్చేది ఏమిటో తెలుసా? కుర్చీ. నిజం కుర్చీయే, వడ్రంగి చేత చెక్కించింది. పద్యం పూర్తిగా సొంతదై ఉండాలి, మారుపేరుతో పంపాలి, ఆ పేరు ఎవరిదో సభదాకా ఎవరికీ తెలియకూడదు. సభనాడు కవులంతా జనంలో కలిసిపోయి ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. జడ్జి వేదికెక్కి ఒక్కో పద్యాన్నీ మారుపేరుతో పిలిచి అందరి ముందూ ఉతికి ఆరేస్తాడు. ఉతుకుడు పడుతున్నవాడు కనురెప్ప కూడా కదపకూడదు. చివర్లో నెగ్గిన పేరు పిలుస్తారు. మూడుసార్లు పిలుస్తారు. ఆ లోపల ఆ కవి లేచి నిలబడాలి. తగిన పద్యమే లేకపోతే ఎవర్నీ పిలవరు, కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది.

ఈయన ఏళ్ళ తరబడి పంపుతున్నాడు. ఒక్కసారీ లేవలేదు. కొన్నేళ్ళుగా అక్కడ ఎవరూ లేవలేదు, కుర్చీ అలాగే ఉంది. ఇక వచ్చే సభతో ఆఖరని కమిటీవాళ్ళు తేల్చేశారట. భాష వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, జడ్జి కోసం వేరే రాష్ట్రానికి ఫోన్లు చేయాల్సొస్తోంది, ఆపైన ఇంగ్లీషు పాటలు మాత్రమే పెట్టుకుందాం అని.

"నెగ్గితే ఆ కుర్చీ ఏం చేస్తారు?" అన్నాను.

"కుర్చీలకేం, ఇంట్లో అన్నీ ఖాళీ కుర్చీలే" అన్నాడు. మెషీను తీసి ఇంకో ఆవుకి తగిలించాడు. "ఒక్కసారి లేచి నిలబడాలి, మిసెస్ డాక్టర్. నేనెందుకు లేచానో తెలిసినవాళ్ళు ఇంకా ఆ హాల్లో ఉండగా."

నన్ను అలాగే పిలిచేవాడు, మిసెస్ డాక్టర్ అని. ఆ మాట అన్నాక నాకు నిద్ర పట్టలేదు. మా ఆయనకి ఈ ఉద్యోగం రావాలని కోరుకున్నంతగా కోరుకున్నాను, ఆ కుర్చీ పెద్దాయనకి రావాలని.

కానీ ఆ తర్వాత నుంచి ఆయన గొణగడం మానేశాడు. నేను షెడ్డు తలుపు తీస్తే చాలు, టక్కున ఆపేసి వాతావరణం గురించి మాట్లాడేవాడు. "ఏం రాస్తున్నారు?" అంటే "మంచు బాగా పడేట్టుంది" అనేవాడు. ఒళ్ళు మండిపోయేది. నేను అంత గొప్పగా ప్రాస నేర్పితే నా దగ్గరే దాపరికమా అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "రహస్యంగా ఉంచాలనేగా వాళ్ళ రూలు, నువ్వే చెప్పావు" అన్నారు ఆయన. ఆయన ఎప్పుడూ అంతే, సరైన మాట అంటారు, అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది.

సభ సెప్టెంబరులో, శనివారం మధ్యాహ్నం. పెద్దాయన ట్రక్కు మొరాయించిందని మా కారులో తీసుకెళ్ళాం. నేను పట్టుచీర కట్టాను, పెళ్ళి ముహూర్తానికి వెళ్తున్నట్టు. ఆయన నల్ల సూటులో, మెడ దగ్గర కాలరు బిగిసి, దారంతా దాన్ని వేలితో లాక్కుంటూనే ఉన్నాడు. చర్చి నిండా తెల్లజుట్టు. ఎండుద్రాక్ష వేసిన రొట్టె, టీ, మధ్యలో అందరూ నాలుగు గొంతులుగా విడిపోయి పాడిన పాట, ఆ పాటకి కిటికీ అద్దాలు అదిరాయి. వేదిక మీద కుర్చీ. నల్లటి చెక్క, చేతుల మీద తీగలు చెక్కి ఉన్నాయి. నాకు ఆ కుర్చీ తప్ప ఏమీ కనపడటం లేదు. బెంచీ మీద నేను మధ్యన, అటు పెద్దాయన, ఇటు మా ఆయన.

జడ్జి ఒక రిటైరైన పాస్టరు, పెన్సిల్వేనియా నుంచి వచ్చాడు. ముందు వాళ్ళ భాషలో చెప్పి, తర్వాత మాలాంటివాళ్ళ కోసం ఇంగ్లీషులో చెప్పేవాడు. ఒక పద్యం తీశాడు, కొలతలు సరే గానీ ప్రాణం లేదన్నాడు. ఇంకోటి తీశాడు, ప్రాణముంది గానీ మూడు చోట్ల కుంటుతోందన్నాడు. ప్రతి పేరుకీ నేను ఓరకంట పెద్దాయన మొహం చూస్తున్నాను. రాతిబొమ్మ నయం. ఇది ఈయనదేనా? కుంటినది ఈయనదేనా?

"ఆఖరిది" అన్నాడు జడ్జి. "అటక మీది గుడ్లగూబ."

మనవాళ్ళైతే ఆ పేరు వినగానే లేచి బయటికి నడిచేవాళ్ళు. అక్కడ ఎవరూ కదల్లేదు. ఆ ఏడు ఇచ్చిన అంశం పొద్దుపొడుపు. ఈ కవి పొద్దున్నే దీపం వెలిగించి, అలవాటు కొద్దీ పక్కగదికేసి ఒక మాట అని, జవాబు వచ్చేంతసేపు ఆగి, షెడ్డుకి వెళ్ళే మనిషి గురించి రాశాడని జడ్జి చెప్పాడు. నా పక్కన పెద్దాయన చేతులు మోకాళ్ళని పట్టుకున్నాయి. జడ్జి కళ్ళజోడు తీశాడు. "మన నియమాలన్నీ పాటించాడు, ఒక్కటీ జారలేదు. కానీ వాటి పైన ఇంకోటి ఉంది. ప్రతి పాదంలోనూ రెండో చోట ఒకే హల్లు, మొదట్నుంచి చివరిదాకా. మొదటిసారి కాకతాళీయం అనుకున్నాను. తర్వాత వేలితో చూసుకుంటూ వెళ్ళాను. ఇంత వయసొచ్చింది, ఇలాంటిది నేను ఎక్కడా వినలేదు. ఇది ఈ కవికి ఎక్కడ దొరికిందో తెలుసుకోవాలనుంది."

ప్రాస! మా నాన్న చెవి మెలిపెట్టి నేర్పిన ప్రాస, ఆ చెక్క చర్చిలో, వేల్స్ భాషలో. నేను సీట్లో ఎగిరినంత పనిచేశాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని నొక్కారు. జడ్జి కాగితాలు కింద పెట్టాడు. కుర్చీ ఇస్తున్నామన్నాడు. హాలంతా కలకలం, వెనక ఎవరో ఆవిడ ముక్కు చీదింది. "అటక మీది గుడ్లగూబ లేచి నిలబడాలి."

నేను పెద్దాయన వైపు తిరిగాను, నవ్వు చెవులదాకా. ఆయన లేవలేదు.

జనం తలలు తిప్పి వెతుకుతున్నారు. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. "లేవండి" అన్నాను గుసగుసగా.

"రూలు తెలుసుగా. పూర్తిగా సొంతం అయి ఉండాలి" అన్నాడు. పెదవులు కదిలీ కదలనట్టు. "ఆయన మెచ్చుకున్నది నాది కాదు. నీది."

"నాదేంటి? నా బొంద. మీ భాషలో నాకు నమస్కారం కూడా రాదు."

"నీ దగ్గర తీసుకున్నాను. రెండు పాదాల్లో పెట్టి చూద్దామనుకున్నాను, అది వదల్లేదు. నెగ్గదులే అనుకుని పంపాను. ఇప్పుడు లేస్తే దొంగతనం."

రెండోసారి పిలిచాడు జడ్జి. ఈసారి గొంతు కాస్త గట్టిగా. ఎవరూ లేవకపోయేసరికి ముందు వరసలో కమిటీవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. జీవితమంతా దీనికోసం కూర్చున్న మనిషి, పొద్దున్నే ఖాళీ గదితో మాట్లాడే మనిషి, రేపట్నుంచి ఈ సభే ఉండదు, ఇప్పుడా ఈ నిజాయితీ? చెయ్యిపట్టి లాగుదామా అంటే ఆ పొడుగు మనిషి బెంచీకి అతుక్కుపోయి ఉన్నాడు. బతిమాలే టైము లేదు. జడ్జి మూడోసారికి ఊపిరి తీసుకుంటున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

ఆలోచించి చేశానా అంటే లేదు. "కూర్చో, ఏంటిది, కూర్చో" అని మా ఆయన తెలుగులో అంటూ కొంగు పట్టి లాగుతున్నారు. ఎర్ర పట్టుచీర, బొట్టు, ఆ తెల్లజుట్ల మధ్యన నేను. మొత్తం చర్చి నాకేసి తిరిగింది. జడ్జి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరా అమ్మా?" అన్నాడు. "అటక మీది గుడ్లగూబ మీరా?"

నేను అవునన్లేదు, కాదన్లేదు. అలాగే నిలబడ్డాను. ఒకటే పట్టుదల, ఈయన లేచేదాకా నేను కూర్చోను.

పక్కన బెంచీ కిర్రుమంది. "ఆవిడ కాదు" అన్నాడు పెద్దాయన. లేచాడు. నాకంటే అంతెత్తున నిలబడ్డాడు. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, అప్పుడు ఇంగ్లీషులో, నాకోసం కాబోలు, మళ్ళీ చెప్పాడు. "పద్యం కట్టింది నేను. మీరు మెచ్చుకున్న ఆ సొగసు మాత్రం వీళ్ళది. ఇండియాలో వీళ్ళ భాషది. అది రూలుకి విరుద్ధమైతే కుర్చీ ఖాళీగా ఉంచండి."

జడ్జి వేదిక అంచుదాకా వచ్చాడు. "మిగతా సొగసులు ఎక్కడ తీసుకున్నావు?" అన్నాడు.

"మా నాన్న దగ్గర. మా ఊరివాళ్ళ దగ్గర."

"వాళ్ళు నిన్ను దొంగ అన్నారా?"

"లేదు."

"పొద్దున్నే ఆ గదికేసి మాట్లాడేది ఎవరు?"

పెద్దాయన ముందు బెంచీ అంచు పట్టుకున్నాడు. పాలు పితికి పితికి వంకర్లు పోయిన ఆ వేళ్ళు తెల్లబడ్డాయి. "నేనే" అన్నాడు.

"అయితే మూడోసారి అడుగుతున్నాను. పద్యం ఎవరిది?"

హాలంతా నిలబడి ఉంది. ఎప్పుడు లేచారో నాకు తెలీదు. ఆయన తన భాషలో ఒక మాట అన్నాడు, చిన్న మాట. వెనక ఉన్నవాళ్ళకి వినపడలేదేమో, ఇంకోసారి అన్నాడు, గట్టిగా. నాకు ఆ మాట రాదు. అయినా ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసింది. నాది అన్నాడు.

అప్పుడు నేను కూర్చున్నాను.